పేరు అడిగే వంతపాట

లా సిగార్రా బారు తలుపులు తెరిచేసరికి వీధిలో ఇంకా ఎండ తగ్గలేదు. సాంతియాగో పట్నంలో ఆ వీధి కొండ మీద మొదలై రేవు దాకా ఏటవాలుగా దిగిపోతుంది. కింద నించి ఉప్పుగాలి, పైనుంచి అరటికాయలు వేయించే నూనె వాసన వచ్చి సరిగ్గా ఆ గుమ్మం దగ్గర కలుసుకుంటాయి. లోపల నల్లవీ తెల్లవీ పాతకాలపు గచ్చు పలకలు. ఎన్నో తరాల జనం పాటలకి ఆడీ ఆడీ ఆ పలకలు మధ్యలో పళ్ళెంలా గుంటపడ్డాయి. కడిగినప్పుడల్లా నీళ్ళు ఆ గుంటలోనే నిలుస్తాయి. బారు నడిపే మైదా ఎప్పట్లాగే గొణుక్కుంటూ వాటిని గుడ్డతో అద్దుతోంది.

వేదిక మీద జొరాయిదా ఉడికిపోతోంది.

పొద్దున్నించీ ఒక్క పనీ సవ్యంగా జరగలేదు. ఇస్త్రీ చేద్దామంటే కరెంటు లేదు. బాస్ వాయించేవాడి తీగ తెగింది, కొత్త తీగ ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. పాతదాన్నే ముడేసి లాగి బిగించారు. మూడు జంట తీగల గిటారు, త్రెస్, వాయించే ఒబ్దూలియో ఊరి నుంచి లారీ ఎక్కి రావాలి, ఆ లారీ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అన్నీ ఇవాళే జరగాలి. ఎందుకంటే ఇవాళే సిరిలో గారొస్తున్నారు.

లా సిగార్రాలో శనివారాలు ఏ బృందానికివ్వాలో తేల్చేది ఆయనే. ఒకటి జొరాయిదా వాళ్ళ ఏడుగురి బృందం. రెండోది యోర్దానిస్ అనే కుర్రాడిది. కీబోర్డు, పెద్ద పెద్ద స్పీకర్లు, జుట్టుకి జెల్లు. ఇద్దర్లో ఒకరికే చోటు. ఇది కూడా పోతే తన త్రెస్‌ని మేకుకి తగిలించేస్తానని ఒబ్దూలియో చెప్పేశాడు. ఆయన లేకపోతే బృందమే లేదు. అసలు పాటగాడు హోటల్ ఉద్యోగానికి వెళ్ళిపోయినప్పుడు, వెనక నిలబడి వంత పాడే జొరాయిదా ముందుకొచ్చి పాట అందుకుంది. ఆడది సోన్ పాట నడపడమేమిటని మూతి విరిచినవాళ్ళు బయటా ఉన్నారు, బృందంలోనూ ఉన్నారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి ఆమెకి ఇన్నాళ్ళు పట్టింది.

"అంత గట్టిగా ఊపిరి పీలుస్తావేంటే? పాటకి దాచుకో" అంది గుమ్మం పక్కనుంచి పెద్దమ్మ.

ఒర్తెన్సియా పెద్దమ్మ ప్రతి శనివారం వస్తుంది. వాచిన కాళ్ళకి గుడ్డ చెప్పులు తొడుక్కుని, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, విసనకర్రతో విసురుకుంటూ చివరిదాకా చూస్తుంది. తల్లి పోయాక జొరాయిదాని పెంచింది ఆవిడే. ఒకప్పుడు ఈ గచ్చు మీద ఆవిడ ఆడుతుంటే జనం పక్కకి తప్పుకుని చూసేవారట. తుంటి విరిగాక ఆట పోయింది, చూడటం మిగిలింది.

"ఒబ్దూలియో బాబాయ్ రాలేదు పెద్దమ్మా."

"వస్తాడు. వాడి పెళ్ళికి కూడా వాడు ఆలస్యంగానే వచ్చాడు."

ఒబ్దూలియో వచ్చేసరికి చీకటి పడింది, యోర్దానిస్ మొదటి పాట అయిపోయింది కూడా. ఆ స్పీకర్ల మోతకి గోడ మీద పటాలు వణికాయి. రెండో పాటకి ముందు యోర్దానిస్ వేదిక దిగి వచ్చి నవ్వాడు.

"ఏం జోరక్కా, మీ తాతల కాలం పాటలు మ్యూజియంలో పాడుకోకూడదూ? అక్కడ ఫ్యాన్లు కూడా ఉంటాయి."

"నీకు పాట రావాలంటే గోడలోంచి కరెంటు రావాలి నాయనా. మాకు గొంతుంటే చాలు" అంది జొరాయిదా.

ఆమె నోటి మాటకి అంత బలముందని ఆమెకే తెలియదు. రెండో పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. స్పీకర్లు గుటుక్కుమన్నాయి. ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి. వీధి మొత్తం ఒకే గొంతుతో తిట్టింది, రోజూ తిట్టినట్టే.

యోర్దానిస్ వైర్లు చుట్టుకుని, తన స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళతోపాటే సగం బారు ఖాళీ అయింది. సిరిలో గారూ లేచారు.

"ఇంక చేసేదేముంది? ఇంటికెళ్తా. మా ఆవిడ చిక్కుళ్ళు ఉడకేసి కూచుంది."

"సిరిలో గారూ, ఒక్క పాట! మాకు కరెంటుతో పనిలేదండీ."

"చీకట్లోనా?"

"చెవులతో వినేదే కదండీ."

ఆయన నిట్టూర్చి మళ్ళీ కూలబడ్డాడు. "ఒక్కటంటే ఒక్కటే" అని, కుర్చీ బారు వైపు తిప్పుకుని, మైదాతో రేషన్ బియ్యం సంగతి మొదలుపెట్టాడు. వీపు వేదిక వైపు.

ఆ వీపుని చూస్తుంటే జొరాయిదాకి ఏడుపొచ్చినంత పనైంది.

మైదా రెండు కిరోసిన్ దీపాలు వెలిగించింది. ఒకటి వేదిక అంచున పెట్టింది, ఇంకోటి బారు బల్ల మీద. ఈ దీపానికీ ఆ దీపానికీ మధ్య ఆట జాగా అంతా చీకటి. వేదిక దీపం వెలుగు మోకాళ్ళ ఎత్తుకి మించి పోవడం లేదు. లోపల మిగిలింది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఎండకి కందిపోయిన ఇద్దరు టూరిస్టులు, ఓ మూల పేకముక్కలు పట్టుకున్న ముసలాళ్ళు, సిరిలో గారు, మైదా, పెద్దమ్మ. అంతే.

ఒబ్దూలియో త్రెస్ మీటాడు. జంట తీగలు గలగలమన్నాయి. తాళం వేసే క్లావే కర్రలు టక్‌టక్‌మన్నాయి. ముడేసిన తీగతోనే బాస్ బొయ్యిమంది. జొరాయిదా కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది.

పాట మొదటి సగం అందరికీ తెలిసిందే. అసలు పని రెండో సగంలో ఉంటుంది. అప్పుడు వెనకున్నవాళ్ళు ఒకే ముక్క వంత పాడుతూ ఉంటారు. ముందున్నవాళ్ళు ఎదురుగా కూర్చున్న మనుషుల పేర్లు పట్టుకుని అప్పటికప్పుడు పాదాలు అల్లాలి. ఈ పాటలో వంత ఇది:

*ఎవరొచ్చారు, ఎవరొచ్చారు, ఎవరొచ్చారీ రాత్రి?*

జొరాయిదా వెంటనే అందుకుంది.

*సిరిలో గారొచ్చారమ్మా, వీపు మాకు చూపారు,*
*వీపుకి చెవులుంటే గనక వినిపొమ్మని చెప్పండి!*

మైదా ఫక్కున నవ్వింది. ముసలాళ్ళు బల్ల చరిచారు. సిరిలో గారి వీపు ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత ఆయన కూడా నవ్వి, కుర్చీ ఇటు తిప్పాడు.

హమ్మయ్య అనుకుంది జొరాయిదా. పొద్దున్నించీ అడ్డం తిరిగిందంతా ఇప్పుడు దారికొచ్చింది. ఇంక మైదా మీద ఒకటి అల్లాలి, ఆ తర్వాత టూరిస్టుల మీద.

*ఎవరొచ్చారు, ఎవరొచ్చారు, ఎవరొచ్చారీ రాత్రి?*

మైదా పేరు నాలుక చివర ఉంది. నోరు తెరిచింది.

*ఫెర్మీన్ వచ్చాడమ్మా, రేవు దిక్కునించొచ్చాడు,*
*తడిచొక్కా పిండుకుంటూ తలుపు తోసుకొచ్చాడు!*

ఫెర్మీనెవరు?

ఆమెకి తెలిసిన ఫెర్మీన్ ఎవడూ లేడు. గొంతులోంచి అలా జారిపోయింది. చీకట్లో ఎక్కడో కుర్చీ ఒకటి గచ్చు మీద గీసుకుంటూ జరిగిన చప్పుడైంది.

వెనకనుంచి ఒబ్దూలియో త్రెస్ ఆపకుండానే గుసగుసలాడాడు. "ఎవర్నే పిలుస్తున్నావ్? ఉన్నవాళ్ళని పిలు."

ఆమెకి ఒళ్ళు మండింది. ఇంత ముఖ్యమైన రోజున నోరు తడబడటమా! ఈసారి మైదానే. మైదా, మైదా, మైదా అని మనసులో గట్టిగా అనుకుంది. వంత తిరిగి వచ్చింది.

*అంపారో వచ్చిందమ్మా, పచ్చజోళ్ళు తొడిగింది,*
*ఒక దాని హీలు విరిగితే ఒంటికాలిపై ఆడింది!*

టక్... జర్ర్... టక్... జర్ర్...

ఒక కాలు నేలని తాకుతోంది. ఇంకో కాలు ఈడ్చుకుంటోంది. గుమ్మం వైపు నుంచి ఆట జాగా మధ్యలోకి... సరిగ్గా తాళానికి.

ముసలాళ్ళలో ఎవరైనా లేచి ఆడుతున్నారేమో అనుకుంది. అనుకోవాలని చూసింది. పెద్దమ్మ విసనకర్ర చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలీదు గానీ, ఆగింది.

విచిత్రమేమిటంటే ఆ పాట పాదాలు బాగున్నాయి. ఆమె పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ అల్లలేదు. మాట మీద మాట పేర్చినట్టు, వెతుక్కోకుండా వచ్చేస్తున్నాయి. తనవి కాని పాదాలు తన నోట అంత ఒద్దికగా పలుకుతుంటే, భయం కన్నా ముందు ఆమెకి ఉక్రోషం వచ్చింది. ఇన్నేళ్ళు చచ్చీచెడీ నేర్చుకున్నదాన్ని నేను. నా నోరు ఎవరి మాట వింటోంది?

*రెమిహియో వచ్చాడమ్మా, ఈల వేస్తూ వచ్చాడు,*
*మెడకి చుట్టిన రుమాలు విప్పొద్దని చెప్పాడు!*

చీకట్లో ఎవరో సన్నగా ఈల వేశారు.

అప్పుడొచ్చింది వాసన. ముందు రేవు బురద. పోటు తగ్గినప్పుడు తేలే నల్ల బురద. దాని మీద తలకి రాసుకునే సెంటు నూనె. దాని మీద గంధరాజం పూలు... ఒకటి రెండు కాదు, బుట్టెడు పూలు మూసిన గదిలో వాడిపోతే వచ్చే వాసన. ఇంత ఉక్కలోనూ ఆమె చీలమండల చుట్టూ చల్లదనం పాకింది.

"సెబాష్!" అని అరిచాడు సిరిలో గారు చీకటికి అవతలి ఒడ్డునుంచి. "ఎంతమంది జనమమ్మా! ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావ్ వీళ్ళందర్నీ?"

జొరాయిదా తల ఎత్తి చూసింది.

బారు బల్ల మీద దీపం ఆరి వెలుగుతోంది. ఆరి... వెలిగి... ఆరి... గాలి లేదు. దీపం ఆరడం లేదని ఆమెకి నెమ్మదిగా అర్థమైంది. దీపానికి అడ్డంగా మనుషులు కదులుతున్నారు. ఆమెకీ ఆ దీపానికీ మధ్య చీకటి నిండా మనుషులున్నారు. వంద పాదాలు గచ్చు మీద జరుగుతున్న చప్పుడు. చీరు చీరుమని గుడ్డలు రాసుకునే చప్పుడు.

ఊపిరి చప్పుడు మాత్రం లేదు.

టూరిస్టులిద్దరూ వెళ్ళిపోవడం ఆమె చూసింది. పేకాట ముసలాళ్ళు గుమ్మం బయట నిలబడి శిలువ గుర్తు వేసుకుంటున్నారు, వీధి వెన్నెల్లో కనిపిస్తున్నారు. మరి ఆడుతున్నదెవరు?

"ఆపెయ్యనా?" అన్నాడు ఒబ్దూలియో.

"ఆపితే ఆయన లేచి పోతాడు బాబాయ్."

"పోతే పోనీవే!"

"నీకేం, మేకుకి తగిలిస్తావు! నేనెక్కడికి పోవాలి?"

అంది గానీ, వేదిక అంచు దీపం వెలుగులోకి అప్పుడే ఒక పాదం వచ్చింది. పచ్చ జోడు. హీలు లేదు. పైన ఉండాల్సిన కాలు చీకట్లో ఉంది. ఆ పాదం గుండ్రంగా ఒకసారి తిరిగి మళ్ళీ వెనక్కి, చీకట్లోకి పోయింది.

*ఎవరొచ్చారు, ఎవరొచ్చారు, ఎవరొచ్చారీ రాత్రి?*

ఎవరిదో చెయ్యి ఆమె చీలమండని పట్టుకుంది.

అరవబోయింది. చూస్తే పెద్దమ్మ. కుర్చీ వదిలేసి, కర్ర లేకుండా, ఆ చీకటినంతా దాటుకుని వేదిక దాకా వచ్చేసింది. దీపం వెలుగు కింద నుంచి పడి ఆవిడ ముఖం గుర్తుపట్టలేనట్టుగా ఉంది.

"ఫెర్మీన్ సంగతి నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. పడతావ్ పెద్దమ్మా, వెళ్ళి కూర్చో."

"రేవులో మునిగిపోయాడు. పడవ మీంచి తాగి పడ్డాడు. అంపారో, రెమిహియో... మా జట్టే అది జోరా. శనివారమొస్తే అందరం ఇక్కడే. ఒక్కొక్కరే పోయారు. నేనొక్కదాన్నే మిగిలాను."

"పెద్దమ్మా, వెళ్ళు..."

"అందర్నీ పిలిచావు." ముసలావిడ కళ్ళల్లో నీళ్ళు మెరిశాయి. భయంతో కాదు. అది అలక. తోటివాళ్ళందరూ ఆటకి పోతే గుమ్మంలో మిగిలిపోయిన పిల్ల ముఖం అది. "అందర్నీ పిలిచి నన్ను మాత్రం వదిలేశావేంటే? ఎన్నేళ్ళు కూర్చోబెడతావ్ ఆ కుర్చీలో? నన్ను కూడా పిలు."

వంత అయిపోయింది. పాదం అందుకోవాల్సిన ఖాళీ వచ్చింది.

జొరాయిదా నోరు తనంతట తాను గుండ్రంగా తెరుచుకుంది. 'ఒ' అనే శబ్దం గొంతు దాటి నాలుక మీదికి వచ్చేసింది. ఒర్తెన్సియా. ఆ పేరు వెనక రెండు పాదాలూ సిద్ధంగా ఉన్నాయి, ఈ రాత్రి పాడినవాటన్నిటికన్నా అందంగా. అవేంటో ఆమెకి వినపడుతున్నాయి కూడా.

నాలుక పళ్ళ మధ్య పెట్టి కరిచేసింది.

నోటి నిండా రక్తం. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఆపండి. బొంగో డోలు ఆగింది. బాస్ ఆగింది. త్రెస్ తీగల మీద ఒబ్దూలియో అరచెయ్యి పడింది.

*ఎవరొచ్చారు, ఎవరొచ్చారు, ఎవరొచ్చారీ రాత్రి?*

ఆమె కోపంగా వెనక్కి తిరిగింది. ఆపమంటుంటే!

ఒబ్దూలియో నోరు మూసుకునే ఉంది. అందరి నోళ్ళూ మూసుకునే ఉన్నాయి.

"అమ్మాయ్..." అన్నాడాయన. "పాడుతోంది మేం కాదే."

వంత కింది నుంచి వస్తోంది. ఆట జాగాలోంచి. ఏ వాయిద్యమూ లేకుండా, అడుగుల చప్పుడు మీదే నడుస్తోంది. ముక్క అయిపోగానే అందరూ ఆగారు. పాదం కోసం ఖాళీ వదిలారు. చాలా మర్యాదగా వదిలారు.

ఎవరూ ఏమీ పాడలేదు.

*ఎవరొచ్చారు, ఎవరొచ్చారు...*

మళ్ళీ ఖాళీ. ఈసారి కొంచెం దగ్గర నుంచి.

పెద్దమ్మ చెయ్యి చీలమండ మీద లేదు. గుడ్డ చెప్పులు రెండూ దీపం పక్కన విడిచి ఉన్నాయి. "పెద్దమ్మా!" అని అరుద్దామంటే నోట్లోంచి మాట కాదు, రక్తమే వచ్చింది. దిగి వెతుకుదామంటే ఆ చీకట్లో కాలు పెట్టడానికి ధైర్యం చాలలేదు. పెదాలు బిగించి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. ఖాళీ వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. అవతలి ఒడ్డున సిరిలో గారు ఏమీ ఎరక్క, ఉత్సాహంగా వంతకి చప్పట్లు కొడుతున్నాడు.

కరెంటు వచ్చింది.

ఫ్యాన్లు కిర్రుమన్నాయి. వీధి మొత్తం హోరెత్తింది. ఆట జాగా ఖాళీగా ఉంది.

మధ్యలో, గుంటపడిన పలకల మీద, పెద్దమ్మ ఒట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఎడమచెయ్యి ఎవరి భుజం మీదో వేసినట్టు గాల్లో ఉంది. కుడిచెయ్యి ఎవరి చేతిలోనో పెట్టినట్టు పక్కకి చాపి ఉంది. ఆ చేతులు నెమ్మదిగా కిందికి దిగాయి. తుంటి విరిగిన మనిషి, కర్ర లేకుండా, నిటారుగా నిలబడి జొరాయిదా వైపు చూసింది.

"ఒక్క మాట. ఒక్క మాటేగా అడిగాను" అంది. అని కూలబడిపోయింది.

*

సిరిలో గారు కళ్ళు నులుముకుంటూ చుట్టూ చూశాడు. "ఇంతలోనే పోయారా అందరూ? సరేలే, ఉక్కపోత." ఆయన జొరాయిదా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. "శనివారాలు మీవే. ఇంక మాట్లాడేదేం లేదు. కానీ ఒక్కటే షరతు. ప్రతివారం ఈ జనం ఇలాగే రావాలి."

ఇన్నాళ్ళూ ఏ మాట కోసం కాళ్ళరిగేలా తిరిగిందో ఆ మాటే వచ్చింది. ఆమె తల ఊపింది. సంతోషించడానికి లోపల ఏమీ మిగల్లేదు. ఒబ్దూలియో అప్పటికే త్రెస్‌ని సంచిలో పెట్టేశాడు.

వచ్చే శనివారం వస్తావా అని కళ్ళతోనే అడిగింది.

"నాకు లారీ దొరకదమ్మాయ్" అన్నాడాయన ముఖం చూడకుండా. "వచ్చే శనివారం దొరకదు. ఆ పై వారం కూడా దొరకదు."

పెద్దమ్మని దాదాపు మోసుకుంటూ కొండ ఎక్కింది. వాళ్ళ వీధికి కరెంటు ఇంకా రాలేదు. ముసలావిడ ఇంట్లోకి రాగానే మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. జొరాయిదా ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. నాలుక వాచి నోటి నిండా అయింది. కొవ్వొత్తి పట్టుకొచ్చి ఆ మంచం పక్కనే నేల మీద చతికిలబడింది. తన గది పక్కదే, మధ్యలో పూల గుడ్డ తెర. వెళ్ళి పడుకోబుద్ధి కాలేదు.

అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. వాళ్ళే మనుషులా? నేను నీకేమీ కానా? నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు? అడగబోతే "అఅ... అఅ..." అని వచ్చింది. విసుగ్గా గోడకి తల కొట్టుకుంది. పెద్దమ్మ వీపు కదల్లేదు. ఆ రోజంతా ఆమెకి వీపులే కనిపించాయి.

కొవ్వొత్తి సగానికి వచ్చేసరికి కింద ఎక్కడో... చాలా కింద, రేవు వైపు నుంచి... పాట వినిపించింది.

ముందు అది గాలి అనుకుంది.

*ఎవరొచ్చారు, ఎవరొచ్చారు, ఎవరొచ్చారీ రాత్రి?*

పెద్దమ్మ లేచి కూర్చుంది. కొవ్వొత్తి వెలుగులోనే రెండు చేతులతో జుట్టు సవరించుకుంది. జాకెట్టు గుండీలు పెట్టుకుంది. మంచం మీంచి కాళ్ళు కిందికి దింపింది. ఆవిడ ముఖంలో పదహారేళ్ళ పిల్ల సిగ్గు.

జొరాయిదా ఆవిడ నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, నేల మీదికి లాగి గట్టిగా పట్టుకుంది. వెళ్ళనివ్వను. ఏమైనా సరే వెళ్ళనివ్వను.

పాట మెట్టుమెట్టుగా కొండెక్కుతోంది. వాళ్ళ వీధి మలుపు తిరిగింది. టక్... జర్ర్... టక్... జర్ర్... కిటికీ కింద ఆగింది. వంత ఆగింది. ఖాళీ.

ఆ ఖాళీలో మగ గొంతు ఒకటి పాదం అందుకుంది. నీళ్ళు నిండిన గొంతు.

*జొరాయిదా వస్తుందమ్మా...*

ఇద్దరూ బిగుసుకుపోయారు.

మరుక్షణం ముసలి అరచెయ్యి వచ్చి జొరాయిదా నోటిని మూసేసింది. వాచిన నాలుక మీద పళ్ళు గుచ్చుకునేంత గట్టిగా.

"పలక్కు" అంది పెద్దమ్మ చెవిలో. "నీకు దణ్ణం పెడతా, పలక్కే. నిన్ను కాదు... నిన్ను కాదమ్మా..." తర్వాత కిటికీ వైపు తిరిగి పగిలిన గొంతుతో అరిచింది. "ఫెర్మీన్! ఇక్కడున్నా! నేనురా, ఒర్తెన్సియాని! దాన్ని కాదు, నన్ను పిలు!"

కింద ఎవరో సన్నగా ఈల వేశారు. అడుగులు సర్దుకున్నాయి. వంత మళ్ళీ మొదలైంది, నిదానంగా, తొందరేం లేదన్నట్టు.

*ఎవరొచ్చారు, ఎవరొచ్చారు, ఎవరొచ్చారీ రాత్రి?*

*జొరాయిదా వస్తుందమ్మా...*

జొరాయిదా కళ్ళు గట్టిగా మూసుకుంది. నోటి మీద పెద్దమ్మ చెయ్యి ఉంది. చెయ్యి తీసినా మాట్లాడే నాలుక లేదు. పలకను. పలకలేను. ఊపిరి కూడా బిగపట్టింది. ఇద్దరూ ఒకర్నొకరు కరుచుకుని, నేల మీద ముద్దలా కూర్చున్నారు.

ఖాళీ వచ్చింది.

తెర అవతల, జొరాయిదా గదిలో, ఎవరూ పడుకోని ఆమె మంచం కిర్రుమంది.

తర్వాత ఆ గదిలోంచి ఆమె గొంతే... వాపు లేకుండా, స్పష్టంగా, అప్పుడే నిద్రలేచినట్టు... పలికింది.

"ఆ... వస్తున్నా."